29 అక్షరాల్లో లేని ఒక్క ‘ఇ’

ఇక్కడ అమెరికాలో మన తెలుగువాళ్లం చేసుకున్న మొన్నటి సంక్రాంతి సంబరాల్లో పిల్లల పదాల పోటీ బహుమతి తప్పు జవాబుకి వెళ్లింది. అప్పటికే సగం మంది భోజనాల లైన్లో ఉన్నారు కాబట్టి చాలామంది చూసి ఉండరు. చూసినవాళ్లు చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఇప్పటికీ మనసు కలుక్కుమంటూనే ఉంది. అందుకే ఈ సంచికలో చోటు అడిగి మరీ రాస్తున్నాను.

పోటీ షరతు తెర మీద పెద్దక్షరాల్లో ఉంది. ఎ, ఇ, ఐ, ఓ, యు అనే ఐదు అచ్చులూ ఉన్న ఇంగ్లీషు పదం చెప్పాలి. అందరికంటే పొడుగు పదం చెప్పినవాళ్లకి మొదటి బహుమతి.

ఐదో క్లాసు పాప ఒకతి వచ్చింది. పట్టు పరికిణీ, తలనిండా పూలు. మైక్ అందక మునివేళ్ల మీద నిలబడింది. ముందు ‘ఎడ్యుకేషన్’ అంది. తొమ్మిది అక్షరాలు, ఐదు అచ్చులూ ఉన్నాయి. యాంకర్ ‘ఇంకా పెద్దది చెప్పు తల్లీ’ అన్నారు. ఆ పిల్ల ఒక్క నిమిషం నేలకేసి చూసి ‘క్వశ్చన్’ అంది. క్యూ పట్టుకుంటే వెనకాలే యు వస్తుంది. తర్వాత ఇ, చివర ఐ, ఓ. నాలుగు వేళ్లు ముడిచింది. ఎ లేదు. ‘క్వశ్చనబుల్’ అని ఐదో వేలూ ముడిచింది. అక్కడితో ఆగలేదు. ముందు ‘అన్’ చేర్చింది, చివర ‘బుల్’ని ‘బ్లీ’ చేసింది. ‘అన్‌క్వశ్చనబ్లీ’. 14 అక్షరాలు. వెతుకులాటంతా మన కళ్లముందే జరిగింది. ఏ అక్షరం అరుదో దాన్ని ముందు పట్టుకోవడం, మిగతావాటిని ముందో వెనకో అతికించడం. ఇంగ్లీషులో పొడుగు పదాలు వెతికేవాళ్లు చేసే పని ఇదే. ఆ పాపకి ఎవరైనా నేర్పారో, తనకే తట్టిందో తెలీదు.

తర్వాత ఏడో క్లాసు బాబు వచ్చి ఊపిరి తిప్పుకోకుండా ‘ఫ్లాక్సినాసినిహిలిపిలిఫికేషన్’ (floccinaucinihilipilification) అన్నాడు. అక్షరాలు కూడా గుక్కతిప్పుకోకుండా చెప్పాడు. 29. హాలు మోగిపోయింది. కప్పు చేతిలో పెట్టేశారు.

ఆ పదంలో ఓ ఉంది, ఎ ఉంది, యు ఉంది, ఐ అయితే లెక్కలేనన్ని. ఇ మాత్రం లేదు. కాగితం మీద రాసి చూడండి, ఒక్కటంటే ఒక్కటి ఉండదు. న్యాయనిర్ణేతల టేబుల్ దగ్గరికెళ్లి ఈ మాట చెప్తే, ‘పిల్లల ప్రోగ్రామే కదండీ, ఎవరు లెక్కపెడతారు’ అన్నారు. ఆ పాప లెక్కపెట్టింది. అందరి ముందు వేళ్లు ముడిచి మరీ లెక్కపెట్టింది.

ఆ బాబు తప్పేమీ లేదు. అంత పదాన్ని ఒక్క అక్షరం పోకుండా అప్పజెప్పడం చిన్న సంగతి కాదు. ఈ దేశంలో మన పిల్లలకి స్పెల్లింగ్ బీ, అంటే పదాల స్పెల్లింగ్ తప్పులేకుండా చెప్పే పోటీ, అంటే ఏమిటో నేను చెప్పనక్కర్లేదు. రత్నం చిట్టూరి గారు 1989లో స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్ వాళ్ల పోటీల కోసం శనాదివారాలు పిల్లల్ని కార్లలో తిప్పిన తల్లిదండ్రులు మనలో ఎంతమంది లేరు! ఆ పోటీల మీద వచ్చే డబ్బు ఇండియాలో పేద విద్యార్థుల స్కాలర్‌షిప్పులకి వెళ్తుంది. 2024 స్క్రిప్స్ నేషనల్ స్పెల్లింగ్ బీ ఫైనల్లో బృహత్ సోమ టై బ్రేకర్‌లో 90 సెకన్లలో 29 పదాలు సరిగ్గా చెప్పినప్పుడు మన వాట్సాప్ గ్రూపులు నిద్రపోలేదు. కానీ ఆ స్టేజీ మీద పిల్లలు ఏం చేస్తారో గమనించారా? పదం ఏ భాష నుంచి వచ్చిందని అడుగుతారు, అర్థం అడుగుతారు, వాక్యంలో వాడమంటారు. గ్రీకు అయితే ‘ఫ’ శబ్దానికి పీహెచ్ వస్తుందని ఊహిస్తారు. బయటికి కంఠతాలా కనిపిస్తుంది గానీ లోపల నడిచేది వెతుకులాటే. మన స్టేజీ మీద ఆ వెతుకులాటకి విలువ లేకుండా పోయింది.

కంఠతా మీద నాకు కోపం లేదు. మా తెనాలి వైపు ఊళ్లో తాతయ్య అరుగు మీద కూర్చోబెట్టి ఎక్కాలూ సుమతీ పద్యాలూ వల్లె వేయించేవారు. తప్పితే తొడపాశం. ఆ తొడపాశాన్ని ఇవాళ ఎవరూ సమర్థించరు, నేనూ సమర్థించను. కానీ ఆ పద్యాలే ఈ వయసులో నాకు తోడు. ఆయనే ఒకసారి హైస్కూల్ ఆవరణలో అష్టావధానానికి తీసుకెళ్లారు. నిషిద్ధాక్షరి పృచ్ఛకులు, అంటే అవధానిని పరీక్షించేవారు, మా తెలుగు మాస్టారే. అవధాని గారు ఒక అక్షరం చెప్పగానే, తర్వాత ఏది వస్తుందో ఊహించి మాస్టారు దాన్ని నిషేధించేవారు. అవధాని గారు నవ్వి ఇంకో దారిన వెళ్లేవారు. జనం ఊపిరి బిగబట్టి చూసేవాళ్లు. పక్కనే న్యస్తాక్షరి. ఫలానా పాదంలో ఫలానా చోట ఫలానా అక్షరమే పడాలి. పద్యం ఎంత కమ్మగా ఉన్నా ఆ అక్షరం ఆ చోట పడకపోతే అక్కడి పృచ్ఛకులు ఒప్పుకోరు. ఒప్పుకోకపోవడమే అవధానికి ఇచ్చే గౌరవం. కావలసిన అక్షరాలతో పదం వెతకడాన్ని సభలో కూర్చుని చూసి ఆనందించిన జాతి మనది. అలాంటి మనం అమెరికాలో పిల్లల్ని స్టేజీ ఎక్కించి ‘ఎవరు లెక్కపెడతారు’ అనడం నాకు మింగుడుపడలేదు.

అసలు పొడుగు ఒక్కటే కొలత అయితే ఈ పోటీ ఒక నిమిషంలో ముగిసిపోతుంది. 45 అక్షరాల ‘న్యుమోనోఅల్ట్రామైక్రోస్కోపిక్‌సిలికోవాల్కేనోకోనియోసిస్’ స్పెల్లింగ్ పిల్లలందరికీ నోటికొచ్చు. అందులో ఐదు అచ్చులూ ఉన్నాయి కూడా. కాకపోతే 1935లో అమెరికా పజిళ్ల సంఘం అధ్యక్షుడు ఎవరెట్ స్మిత్ పొడుగు కోసమే దాన్ని అల్లాడు. 28 అక్షరాల ‘యాంటీడిస్‌ఎస్టాబ్లిష్‌మెంటేరియనిజం’ కూడా పిల్లలకి ఇష్టం. అందులో ఓ లేదు, యు లేదు. ఇక జాబితా కావాలంటే మనలో సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఎవరైనా ఒక్క లైన్ కమాండ్ రాస్తే క్షణంలో వచ్చేస్తుంది. పిల్లల్ని స్టేజీ ఎక్కించేది జాబితా కోసమైతే కాదు కదా.

షరతు కాస్త మారిస్తే చాలు. ఐదు అచ్చులూ ఉండాలి, ఏ అక్షరమూ రెండోసారి రాకూడదు అనండి. 26 అక్షరాల భాషలో 29 అక్షరాల పదం దానంతటదే తప్పుకుంటుంది. ఆ పాప చెప్పిన 14 అక్షరాల పదం కూడా పోతుంది, అందులో యు, ఎన్ రెండేసి సార్లు ఉన్నాయి. ‘ఎడ్యుకేషన్’ నిలుస్తుంది. వెతుక్కుంటూ పోతే 15 అక్షరాల ‘అన్‌కాపీరైటబుల్’ దాకా వెళ్లొచ్చు. అది ఎవరో ఒక పిల్ల నోటి నుంచి మన కళ్లముందు, ‘అన్’తో మొదలై ‘ఏబుల్’తో పూర్తయితే చూడాలని నాకు ఎంత ఆశగా ఉందో!

ఉగాదికి కల్చరల్ కమిటీ ఐటమ్స్ లిస్టు తయారవుతోందని విన్నాను. సినిమా డాన్సుల మధ్య 20 నిమిషాలు ఇవ్వండి. ఒక్కో పిల్లకి రెండేసి నిమిషాల టైమ్ ఇచ్చి, ఎలా ఆలోచిస్తున్నారో పైకి చెప్పమనండి. జవాబుని తెర మీద అక్షరం అక్షరం టైప్ చేయించండి, షరతు కుదిరిందో లేదో హాలు మొత్తం చూస్తుంది. విజిటింగ్‌కి వచ్చిన అమ్మమ్మలు, తాతయ్యల్లో తెలుగు పండితులుగా రిటైరైనవాళ్లు మన ఊళ్లోనే ఉన్నారు. ఒకరిని పిలిచి, అదే సెట్‌లో ఒక్క న్యస్తాక్షరి పద్యం చేయించండి. ఇంగ్లీషు షరతుల కాగితాలు నేను రాసిస్తాను. డిక్షనరీ పెట్టుకుని ఆ టేబుల్ దగ్గర నేనే కూర్చుంటాను.