చెవి ఖరీదు వెయ్యి రూపాయలు

విజయవాడ సూర్యారావుపేటలో ఫ్లెక్సీ కట్టడానికి ఖాళీ స్తంభం దొరకడం కష్టం గానీ, వినికిడి నిపుణుడు కావడం బహు తేలిక. "ఉచిత వినికిడి పరీక్షా శిబిరం, ఈ ఆదివారం మాత్రమే" అని రాయించాలి. పక్కన తెల్లకోటు, మెడలో స్టెతస్కోపు. చెవికీ స్టెతస్కోపుకీ ఏం సంబంధమని ఎవరూ అడగరు. ఆ "మాత్రమే" ప్రతి ఆదివారమూ వస్తుంది.

దారి తెలియని అమాయకులు కొందరున్నారు. ఇంటర్ తర్వాత నాలుగేళ్లు వినికిడి, మాట లోపాల డిగ్రీ బీఏఎస్‌ఎల్‌పీ చదువుతారు, అందులో ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. ఆపైన ఢిల్లీలోని రిహాబిలిటేషన్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకుని సీఆర్ఆర్ నంబరు తెచ్చుకుంటారు. ఆ నంబరు రెన్యువల్ కోసం సెమినార్లలో కూర్చుని సీఆర్ఈ పాయింట్లు (వృత్తిలో చదువు కొనసాగిస్తున్నట్టు లెక్క) పోగేస్తారు. పాయింట్లు చాలకపోతే రెన్యువల్ ఆగిపోతుంది. అసలు నంబరే లేనివాడికి ఈ బెంగ లేదు. లేనిదాన్ని ఎవరు ఆపగలరు?

చట్టం లేదనుకునేరు, భేషుగ్గా ఉంది. 1992 నాటి రిహాబిలిటేషన్ కౌన్సిల్ చట్టం, 13వ సెక్షన్. నమోదు కానివాడు ఈ వృత్తి చేస్తే ఏడాది వరకు జైలు, లేదా 1000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. "వరకు" అన్నది గమనించండి, వందతో సరిపెట్టినా చట్టం నొచ్చుకోదు. బందరు రోడ్డు మీద హెల్మెట్ లేకుండా దొరికినవాడికీ 2019 మోటారు వాహనాల సవరణ ప్రకారం జరిమానా వెయ్యే. పైగా లైసెన్సు మూడు నెలలు పోతుంది. మనవాడికి పోవడానికి లైసెన్సంటూ ఉంటేగా!

మరి జైలు? ఆ తలుపుకీ తాళం ఉంది. కౌన్సిల్ అధికారం ఇచ్చినవాళ్లు రాతపూర్వకంగా ఫిర్యాదు చేస్తే తప్ప ఏ కోర్టూ కేసు చేపట్టకూడదు. మోసపోయిన పెద్దాయన గుంటూరు కోర్టు మెట్ల మీద కూర్చుని మొత్తుకున్నా లాభం లేదు, ఢిల్లీ నుంచి కాగితం కదలాలి. ఆ కాగితం కదిలేలోపు మన నిపుణుడు మూడు ఊళ్లలో శిబిరాలు పెట్టి, నాలుగో ఊరికి ఫ్లెక్సీ ఆర్డరిస్తాడు.

శిబిరం చూసి తరించాల్సిందే. బ్రాడీపేటలో ఓ కల్యాణమండపం. పైన ఫ్యాన్లు గడగడలాడుతుంటాయి, బయట బ్యాండు మేళం రిహార్సల్. అందులో తాతగారికి బీప్ శబ్దాలతో చేసే ప్యూర్‌టోన్ పరీక్ష! ఈ పరీక్షకు శబ్దం చొరబడని గది కావాలి. లేకపోతే 250, 500 హెర్ట్జ్ దగ్గర శుభ్రమైన చెవి కూడా ఫెయిలవుతుంది. హెడ్‌ఫోనులో ఎరుపు కుడి చెవికి, నీలం ఎడమ చెవికి. మనవాడు తిరగేసి పెట్టాడు, అయినా రెండు చెవులకూ వినికిడి మిషన్లు అమ్మేవాడికి కుడిఎడమల పట్టింపేముంది? "బీప్ వినపడితే చెయ్యెత్తండి తాతగారూ" అంటూ ఆయన ఎదురుగానే బటన్ నొక్కుతాడు. తాతగారు బీప్ వినరు, బటన్ మీది వేలు చూసి చెయ్యెత్తుతారు. వేలు ఆగితే చెయ్యి దిగుతుంది. "మామయ్యా, బాగా వినపడుతోందే!" అని కోడలు మెచ్చుకుంటుంది. దాంతో మనవాడు ఉలిక్కిపడి పరీక్ష మిషన్ తనవైపు తిప్పుకుంటాడు. బేరం పోతుందిగా మరి.

ఒక చెవి పూర్తిగా పోయినవాళ్లకు మంచి చెవిలో మాస్కింగ్ శబ్దం, అంటే దాన్ని పక్కధ్యాసలో పెట్టే హోరు, వదలాలి. హెడ్‌ఫోనులో సుమారు 40 డెసిబెల్స్ దాటితే ధ్వని పుర్రె గుండా అవతలి చెవికి చేరుతుంది. అప్పుడు పోయిన చెవి తరఫున మంచి చెవి దొంగసాక్ష్యం చెబుతుంది. శిబిరంలో మాస్కింగ్ అంటే ముక్కుకు మాస్కు. ఓటోస్కోపుతో చెవిలోకి తొంగిచూసే ఆచారమూ లేదు. చూస్తే గులిమి కనపడుతుంది, గులిమి తీస్తే వినపడుతుంది, వినపడితే అమ్మకం పోతుంది. చివరికి "డెబ్బై శాతం పోయిందండీ, ఈరోజే నలభై శాతం డిస్కౌంటు" అని తేలుస్తాడు. వినికిడిని డెసిబెల్స్‌లో కొలుస్తారు తాతగారూ, శాతాలు డిస్కౌంటుకే!

ఇంటికెళ్లాక మనవడి మాట కంటే కుక్కర్ విజిల్ పెద్దగా మోగుతుంది. చెవిలో పెట్టే అచ్చు వదులై వినికిడి మిషన్ కుయ్యిమంటుంది. వారానికే అది బీరువాలోకి.

తాతగారి డబ్బు పోతే పోయింది. రాత్రి బాగున్న చెవి తెల్లారేసరికి వినపడకపోతే అది అత్యవసరం. ఈఎన్‌టీ డాక్టరు స్టెరాయిడ్లు వీలైనంత త్వరగా మొదలెట్టాలి. ఆ మనిషిని కూర్చోబెట్టి మిషన్ అమ్మేవాడిని ఏమనాలి? రెండేళ్ల బిడ్డకు మాట రాకపోతే, పసిపిల్లల చెవిని పరీక్షించే ఓఏఈ లేదు, బెరా లేదు, వినపడుతోందో లేదో చూడకుండానే అపార్ట్‌మెంట్ గదిలో "ఆ అను, అమ్మ అను" అంటూ నెలల తరబడి ఫీజులు గుంజేవాళ్లున్నారు. పుట్టిన నెలలోపు వినికిడి స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, ఆరు నెలల్లోపు చికిత్స మొదలు కావాలని ప్రపంచమంతా నెత్తీనోరూ కొట్టుకుంటోంది. మెదడు భాషను పట్టుకునే ఆ తొలి ఏళ్లు మళ్లీ రావు. దొంగతనమంటే ఇది! దీనికి వెయ్యి రూపాయలా? సిగ్గుండక్కర్లేదా, రాసినవాళ్లకు, ముప్పై ఏళ్లు దాటినా ఆ అంకె మార్చనివాళ్లకు?

ఈలోగా ఎవరు చెవి పట్టుకున్నా సీఆర్ఆర్ నంబరు అడగండి, కౌన్సిల్ వెబ్‌సైట్‌లో వెతకండి. ఆడియోగ్రామ్ (పరీక్ష ఫలితాల గ్రాఫు) కాపీ చేతికి తీసుకోండి, ఇవ్వనంటే లేచి రండి. కొందరు గంభీరంగా మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు చూపిస్తారు. అది బజ్జీల కొట్టుకూ ఇస్తారు.