పత్తికి మిషన్ వచ్చి 80 ఏళ్లు దాటింది, మన చేనుకి మాత్రం ఎందుకు రావట్లేదు?

ప్రతి ఏడాదీ అక్టోబర్, నవంబర్ వచ్చిందంటే ఇదే గోల. చేను తెల్లగా పగిలి ఉంటుంది, ఏరడానికి మనుషులు దొరకరు, కిలోకి ఇంత అని బేరం మాట్లాడుకుని ఆటో పెట్టి పక్క మండలం నుంచి కూలీల్ని తెచ్చుకోవాలి, ఆలోపు ఒక్క వాన పడిందా పత్తి రంగు తిరిగి రేటు పడిపోయినట్టే. అప్పుడు అందరూ అడిగేది ఒకటే, వరికి కోత మిషన్ వచ్చింది కదా, పత్తికి ఏమైంది అని.

పత్తికీ ఎప్పుడో వచ్చింది. 1944లోనే అమెరికాలో మిసిసిపీ రాష్ట్రం క్లార్క్స్‌డేల్ దగ్గర హాప్సన్ అనే ఎస్టేట్‌లో విత్తనం దగ్గర్నుంచి బేలు కట్టేదాకా మనిషి చెయ్యి పడకుండా మొత్తం మిషన్లతో పంట తీసి చూపించారు. దానికి ముందు టెక్సాస్‌కి చెందిన జాన్ రస్ట్ అనే ఆయన పత్తి తీసే మిషన్ చేయడానికి ఏళ్ల తరబడి ఒక్క సమస్య మీదే కూర్చున్నాడు, ముళ్లున్న కదురు తిప్పితే పత్తి చుట్టుకుంటుంది గానీ మళ్లీ ఊడి రాదు, నున్నగా ఉంటే అసలు పట్టుకోదు. వాళ్ల నానమ్మ రాట్నం తిప్పేటప్పుడు పత్తి అంటుకోవడానికి కదురు తడిపేదని గుర్తొచ్చి ఈయన కూడా నున్నటి కదురు పెట్టి తడిపి చూశాడు, పట్టుకుంది. ఇప్పటి మిషన్లలో సన్నటి ముళ్లున్న కదుర్లే ఉంటాయి కానీ నీళ్లతో తడపడం మాత్రం అలాగే ఉంది, తర్వాత రబ్బరు లాంటి మెత్తటి బిళ్లలు తిరుగుతూ ఆ పత్తిని కదురు నుంచి ఊడ్చేస్తాయి, గాలి దాన్ని బుట్టలోకి లాగుతుంది.

ఇందులో నాకు బాగా నచ్చే డిజైన్ ఇంకోటి ఉంది. కదుర్లు బిగించిన డ్రమ్ము, మిషన్ ముందుకెళ్లే స్పీడుకి సరిపడా వెనక్కి తిరుగుతుంది, అంటే మిషన్ కదులుతున్నా మొక్క వైపు నుంచి చూస్తే కదురు నిలబడిపోయినట్టే, నేరుగా లోపలికొచ్చి విచ్చుకున్న పత్తి తీసుకుని నేరుగా బయటికెళ్లిపోతుంది, కొమ్మ విరగదు, పచ్చి కాయ రాలదు. ఈ రెండు స్పీడ్ల లెక్క కాస్త తప్పిందంటే చేనంతా చీపురుతో కొట్టినట్టు అవుతుంది.

ఇంత మంచి మిషన్ అయినా అమెరికాలోనే వెంటనే పాకలేదు. 1950 నాటికి అక్కడ పంటలో పదో వంతు కూడా మిషన్‌తో తీయలేదు, 1970 వచ్చేసరికి దాదాపు మొత్తం మిషన్ చేతికెళ్లింది. ఆ ఇరవై ఏళ్లలో మారింది మిషన్ ఒక్కటే అనుకుంటే పొరపాటే, పొట్టిగా పెరిగి ఒకేసారి పగిలే రకాలొచ్చాయి, కోతకి ముందు ఆకు రాల్చే మందులొచ్చాయి, గింజనీ దూదినీ వేరు చేసే జిన్నింగ్ మిల్లుల్లో పత్తిని ఆరబెట్టి చెత్త తీసే మిషన్లు పెట్టారు. మన దగ్గర ఈ సగం గురించి ఎవరూ మాట్లాడరు, మిషన్ రేటు తగ్గితే చాలు అనుకుంటాం.

మన చేను చూడండి. హైబ్రిడ్ బీటీ, నల్లరేగడి, 90 సెంటీమీటర్ల సాలు, మొక్కకి మొక్కకి 60, చెట్టు ఛాతీ దాకా పెరిగి గుబురుగా కొమ్మలేస్తుంది, కింద కాయ పగిలినప్పుడు పైన ఇంకా పూత ఉంటుంది. అందుకే మూడు నాలుగు సార్లు తీయాలి. వరి ఒకేసారి పండుతుంది కాబట్టి కోత మిషన్ ఒకసారి దిగితే పనైపోతుంది, పత్తిలో మిషన్‌ని నాలుగుసార్లు దించే రైతు ఎవడున్నాడు?

దీనికోసమే నాగపూర్ పత్తి పరిశోధన సంస్థ వాళ్లు దగ్గర దగ్గరగా వేసే పద్ధతి చెప్తున్నారు, తెలంగాణలో కూడా సింగిల్ పిక్, అంటే ఒక్కసారే ఏరేది, అని ప్రోత్సహించారు. అదే 90 సాల్లో మొక్కల మధ్య 15 సెంటీమీటర్లే వదిలితే ఎకరాకి 7,500 ఉండాల్సిన చోట 30,000 మొక్కలు పడతాయి, ఒక్కో మొక్క తక్కువ కాయలే కాసినా అవన్నీ దాదాపు ఒకే టైమ్‌కి వస్తాయి, ఎదుగుదల ఆపడానికి మెపిక్వాట్ క్లోరైడ్ కొట్టాలి. ఐడియా కరెక్టే, కాకపోతే హైబ్రిడ్ విత్తనం ఏటా కొనాల్సిందే కదా, మొక్కలు నాలుగింతలైతే ఆ ప్యాకెట్ల ఖర్చు ఎవరి నెత్తిన? దీనికి తగ్గ సూటి రకాలు, రైతు మళ్లీ దాచుకుని వేసుకునేవి, రావాలి.

చేతితో పట్టుకునే బ్యాటరీ పికర్ల గురించి పెద్దగా చెప్పడానికేం లేదు, ఆకు కూడా లాగేస్తాయి, అలవాటున్న ఆడవాళ్ల రెండు చేతులకంటే వేగమేం కాదు, వీడియోల్లో బాగుంటాయి. ఇక రౌండ్ మాడ్యూల్ కట్టే పెద్ద మిషన్లు, సుమారు రెండు టన్నుల పత్తిని ఆగకుండా చుట్టి ప్లాస్టిక్ వేసి వెనక్కి దొర్లించేవి, అవి మన రెండెకరాల కమతంలో తిరగడానికే చోటుండదు. పైగా ఆ ప్లాస్టిక్ ముక్కలు దూదిలో కలుస్తున్నాయని అమెరికాలో మిల్లులు గొడవ పెడుతున్నాయి, మనం యూరియా సంచుల్లో పత్తి కుక్కి తెచ్చుకునే గొడవే, వాళ్లు కోట్ల రూపాయల మిషన్‌తో తెచ్చుకున్నారు.

నా లెక్కలో మనకి పనికొచ్చేది ట్రాక్టర్‌కి బిగించే రెండు సాళ్ల బ్రష్ స్ట్రిప్పర్, టెక్సాస్ పైభాగపు మెట్ట చేలల్లో చాలాకాలంగా వాడే రకం. కదుర్లు ఉండవు, బ్రష్షులూ రబ్బరు పట్టీలూ కాయని డొప్పతో సహా లాగేస్తాయి, రేటు తక్కువ, రిపేరు తేలిక. చెత్త మాత్రం బాగా వస్తుంది, అందుకే మిషన్ మీదే ఒక క్లీనర్ ఉండి తీరాలి, దాన్ని చిన్న ట్రాక్టర్ మోయగలిగేలా తేలిగ్గా చేయడమే మన ఇంజనీర్లు కూర్చోవాల్సిన పని. వరి కోత మిషన్ ఓనరు రెండు సీజన్లు, నాలుగు జిల్లాలు తిప్పి వాయిదాలు కట్టుకుంటాడు, పత్తి మిషన్‌కి దొరికేది రెండు మూడు నెలలే, ఊడదీసి పక్కన పెట్టేది అయితే ట్రాక్టర్ మిగతా ఏడాదంతా దున్నుకుంటుంది.

అసలు చిక్కు ఆ తర్వాత మిల్లు గేటు దగ్గర ఉంది. మన జిన్నింగ్ మిల్లుల్లో ఎక్కువ భాగం డబుల్ రోలర్ జిన్నులు, అంటే రెండు రోలర్లతో గింజ నుంచి దూది లాగే మిషన్లు, చేత్తో ఏరిన శుభ్రమైన పత్తికి అలవాటు పడ్డవి. అక్కడికి డొప్ప, ఆకు ముక్కలు కలిసిన పత్తి తీసుకెళ్తే కోత పెట్టకుండా ఎవరు కొంటారు? మద్దతు ధరకి పత్తి కొనే ప్రభుత్వ సంస్థ సీసీఐ తేమ 8 శాతం దాటితే రేటు తగ్గిస్తుంది, 12 దాటితే తీసుకోదు, ఆకు సరిగ్గా రాలకముందే మిషన్ దించితే పచ్చి ఆకు నలిగి తేమా పెరుగుతుంది, దూదికి మరకా పడుతుంది. కూలి మిగిలిన డబ్బు కాంటా దగ్గర పోయేట్టయితే రైతు మళ్లీ ఆటో పంపి కూలీలనే తెచ్చుకుంటాడు, అందులో వింతేం లేదు. సబ్సిడీ ఇస్తే మిషన్ ఒక్కదానికే ఇచ్చి చేతులు దులుపుకోకుండా మిల్లుల్లో ప్రీక్లీనర్లకి, అంటే జిన్నులో వేసే ముందే చెత్త తీసే మిషన్లకి, కూడా ఇవ్వాలి, మిషన్ పత్తికి వేరే గ్రేడు, వేరే రేటు ముందే ప్రకటించాలి, అదీ విత్తనం వేయకముందు, జూన్‌లోనే.