"చిన్న ఇంజెక్షన్ లాంటిదే" అన్న మెసేజ్‌లో తప్పులు

పిల్లల గుండెలో రంధ్రాన్ని తొడ దగ్గరి రక్తనాళం గుండా డివైస్ (రంధ్రాన్ని మూసే చిన్న బిళ్ల లాంటి పరికరం) పంపి మూసే చికిత్స గురించి ఒక వాట్సాప్ మెసేజ్ తెగ తిరుగుతోంది. "ఇది చిన్న ఇంజెక్షన్ లాంటిదే, ఛాతీ కోయరు. ముందు రాత్రి నుంచే చుక్క నీళ్లు కూడా ఇవ్వకండి. అయిపోగానే బిడ్డను ఎత్తుకుని తిప్పుకోవచ్చు. నర్సులు మాటిమాటికీ పాదాలు పట్టి చూసేది బిల్లు కోసమే. ఇంటికొచ్చాక మందులక్కర్లేదు" అని దాని సారాంశం. ఛాతీ కోయరన్నది నిజమే. దాన్ని పట్టుకుని అల్లినవన్నీ ప్రమాదకరం.

ఇంజెక్షన్ గుండె లోపలిదాకా వెళ్లదు, డివైస్‌ను మోసుకెళ్లే సన్నని గొట్టం, అంటే కాథెటర్, వెళ్తుంది. మత్తు ఇస్తారు, గుండె లయ తప్పే అవకాశముంటుంది. అందుకే ముందే బరువు, అలర్జీలు, జలుబు, జ్వరం, ఆఖరికి డైపర్ ఒరుపుతో సహా నర్సు అడిగి రాసుకుంటుంది.

చుక్క నీళ్లు వద్దన్న మాట మరీ అన్యాయం. మామూలుగా గట్టి ఆహారం, పోతపాలు 6 గంటల ముందు, తల్లిపాలు 4 గంటల ముందు, మంచినీళ్లు 2 గంటల ముందు ఆపిస్తారు. మీ బిడ్డ విషయంలో మత్తు డాక్టరు చెప్పిందే లెక్క. పెదవులు నీలంగా మారే పిల్లల్లో రక్తం అసలే చిక్కగా ఉంటుంది. ఒంట్లో నీరు తగ్గితే అది గడ్డకట్టవచ్చు, మెదడుకు దెబ్బ తగలవచ్చు. కేసు ఆలస్యమైతే మొహమాటపడకుండా సిస్టర్‌ని అడగండి, అవసరమైతే సెలైన్ పెడతారు.

ఇక పాదాలు పట్టి చూడటాన్ని బిల్లు కోసం అనడం వింటే, ఆ వార్డుల్లో రాత్రంతా నిలబడేవాళ్లకు కడుపు మండుతుంది. పసిపిల్లల్లో కాలికి రక్తం తీసుకెళ్లే ధమని చాలా సన్నం, కాథెటర్ వెళ్లొచ్చాక మూసుకుపోవచ్చు. అందుకే ముందే రెండు పాదాల్లో నాడి ఎక్కడ కొడుతోందో పెన్నుతో గుర్తు పెడతారు. తర్వాత మొదటి గంటలో దాదాపు ప్రతి 15 నిమిషాలకు నాడి, రంగు, వెచ్చదనం రెండో కాలితో పోల్చి చూస్తారు. మొదట్లో నాడి కాస్త బలహీనంగా ఉండొచ్చు, క్రమంగా పుంజుకోవాలి. కాలు చల్లబడి పాలిపోతే వెంటనే డాక్టరును పిలుస్తారు. దుప్పటి ఎత్తి పిరుదుల కింద చెయ్యి పెట్టి చూసేదీ ఇందుకే: కట్టు పైకి పొడిగా కనిపించినా రక్తం కిందికి జారి డైపర్‌లో చేరవచ్చు. 8 కిలోల బిడ్డలో మొత్తం రక్తమే సుమారు 640 మిల్లీలీటర్లు!

ఎత్తుకుని తిప్పడం కుదరదు. ఆ కాలు సాధారణంగా 4 నుంచి 6 గంటలు చాచే ఉంచాలి. ఏడుస్తుంటే కాలు కదలకుండా అమ్మ పక్కన ఎలా పడుకోవచ్చో, ఒళ్లో ఎలా పట్టుకోవచ్చో నర్సే చూపిస్తుంది.

మందుల సంగతి. డివైస్ మీద ఒంటి సొంత కణజాలపు పొర కప్పుకోవడానికి నెలలు పడుతుంది. అందుకే చాలామందికి డివైస్ మీద రక్తం గడ్డకట్టకుండా సుమారు 6 నెలలు ఆస్పిరిన్ రాస్తారు, సొంతంగా ఆపకండి. ఆ 6 నెలల్లో పళ్ల చికిత్స ఉంటే డివైస్ సంగతి పళ్ల డాక్టరుకు చెప్పండి.

ఇంటి దగ్గర జ్వరం, గాయం దగ్గర వాపు, చల్లని కాలు కనిపిస్తే తెల్లారేదాకా ఆగొద్దు. రక్తం కారితే బిడ్డను పడుకోబెట్టి, చర్మం మీది రంధ్రానికి అంగుళం పైన వేళ్లతో గట్టిగా నొక్కండి. సూది ఏటవాలుగా వెళ్తుంది కాబట్టి రక్తనాళంలో రంధ్రం అక్కడే ఉంటుంది. ఆ ఒత్తిడి వదలకుండానే ఆసుపత్రికి బయల్దేరండి.