అత్తమ్మ ఆల్ ఇన్

మిర్యాలగూడలో అత్తగారిల్లు, ఆదివారం, కరెంటు లేదు. మా బామ్మర్ది హైదరాబాద్‌లో పోకర్ నేర్చుకొని వచ్చాడు. డబ్బులు పెడితే కేసు, ఆన్‌లైన్‌లో ఆడదామంటే మన రాష్ట్రంలో 2017లోనే ఆపేశారు. అందుకని చింతగింజలు పంచాడు. మనుషులు చాలట్లేదని వంట చేసుకుంటున్న అత్తమ్మను కూడా పట్టుకొచ్చి కూర్చోబెట్టాడు. అక్కడితో ఊరుకున్నాడా? ముగ్గుపిండితో గీత గీశాడు. గింజ గీత దాటితే బెట్టే. ఒకరు ఆలోచిస్తుంటే ఇంకొకరు లేవకూడదు, నోరు మెదపకూడదు. గింజలకు ఇన్ని రూల్సా అని అడిగితే "డిసిప్లిన్ బావా" అన్నాడు.

నా చేతిలో కళావర్ రాజు, డైమన్ పది. కింద అందరికీ ఉమ్మడిగా పరిచినవి ఆటీన్ రాజు, ఇస్పేట్ పది, ఇస్పేట్ నాలుగు, కళావర్ రెండు. రెండు జతలు కలిశాయి, హాయిగా ఉన్నాను. ఆఖరి ముక్క ఇస్పేట్ తొమ్మిది. మిగతావాళ్లు అప్పటికే ప్యాక్. మధ్యలో 40 గింజలు. అత్తమ్మ తన దగ్గరున్న 40 గింజలనూ మోచేత్తో ఒక్క నూకు నూకింది. అన్నీ గీత దాటాయి, అంటే ఉన్నదంతా పెట్టేసినట్టు, ఆల్ ఇన్.

లెక్క చూస్తే సులువే. నేనూ 40 పెట్టి కాల్ చేస్తే, గెలిచినప్పుడు 80 వస్తాయి. మూడుసార్లకు ఒక్కసారి గెలిచినా నష్టం లేదు. కింద మూడు ఇస్పేట్లున్నాయి, ఆమె చేతిలోవి రెండూ ఇస్పేట్లే అయితే ఐదు కలిసి ఫ్లష్, నా రెండు జతలు ఓడినట్టే. నాకు కనబడని ముక్కలు 45, వాటిలో ఇస్పేట్లు 10. రెండూ ఇస్పేట్లే పడటమంటే 22లో ఒక్కసారి జరిగే పని. కళ్లు మూసుకొని కాల్ చేయొచ్చు. కానీ అది ముక్కల లెక్క, మనిషి లెక్క వేరు. కొత్తిమీర కట్ట దగ్గర రూపాయి కోసం పావుగంట బేరమాడే మనిషి, ఉన్నదంతా ఊరికే నూకుతుందా?

ఆమె ముఖం చూశాను. ఆమె నన్ను గానీ గింజలను గానీ చూడట్లేదు, వంటింటి వైపు చూస్తోంది. మంచి ముక్కలు పడ్డవాళ్లు ఏమీ పట్టనట్టు ఎటో చూస్తారని పొద్దున్నే బామ్మర్ది పాఠం చెప్పాడు. చేతులు వణికినా అదేనట. ఈమెకు చేతులేంటి, మోకాలు కూడా ఊగుతోంది! కొంగుతో నుదురు తుడుచుకుంది. సగం లేచింది. "అమ్మా, కూచో, బావ ఆలోచిస్తున్నడు" అన్నాడు వీడు. కూర్చుంది. ఏదో అనబోయింది. వీడు వేలు చూపించాడు. ఆగిపోయింది. లోపల కుక్కర్ కూత పెట్టింది. ఇంకోటి. ఇంత టెన్షన్ పడుతోందంటే చేతిలో కచ్చితంగా ఫ్లషే ఉండాలి.

ప్యాక్ అన్నాను.

అనడమే ఆలస్యం, ముక్కలు అక్కడే పారేసి ఉరికింది. ఆటీన్ ఏడు, కళావర్ మూడు.

"నేనేడ ఆడిన అల్లుడా, పప్పు మాడుతుంటే గింజలు పక్కకు జరిపి లేస్తున్న. మాట్లాడొద్దంటిరి" అని లోపల్నుంచి కేక.

అయితే అది బెట్టే కాదు కదా, మధ్యలో ఉన్న 40 గింజలు నాకు ఇవ్వమన్నాను. "గీత దాటినయ్ బావా" అని మొత్తం ఆమె గిన్నెలో పోశాడు. రూల్ వాడిది, మాడిన పప్పుకు బాధ్యుణ్ని మాత్రం నేనట, ఎక్కువసేపు ఆలోచించానట. చేతిలో ఉన్న సమాచారానికి నా ప్యాక్ నూటికి నూరుపాళ్లు సరైనదే అని అన్నం దగ్గర ఎంత చెప్పినా ఒక్కరూ వినలేదు. మా ఆవిడైతే ముక్కలు ఎలా పడ్డాయో అక్షరం పొల్లు పోకుండా చెల్లెలికి ఫోన్లో చెబుతోంది.

రాత్రికి మళ్లీ ఆట ఉందట. నాకు గింజలు అత్తమ్మ అప్పిస్తుందట.