ఐ7 అంటే టాపేనా? ప్రాసెసర్ పేర్లు చెప్పేదెంత, దాచేదెంత

2023 ఆగస్టులో మా మేనకోడలికి ఎంసెట్ కౌన్సెలింగ్‌లో సీఎస్ఈ సీటు వచ్చింది. క్లాసులు మొదలయ్యేలోపు ల్యాప్‌టాప్ కొందామని సికింద్రాబాద్‌లో ఒక షాపుకు వెళ్లాం. బల్ల మీద రెండు పెట్టారు. ఒకటి సన్నగా, వెండి రంగులో ఉంది, మీద ఐ7 స్టిక్కర్. ఇంకోటి నల్లగా, కాస్త మందంగా ఉంది, దాని మీద ఐ5. ధరల్లో పెద్ద తేడా లేదు. "ఇంజినీరింగ్ అంటున్నారు కదా సార్, ఐ7 తీసుకోండి. టాప్ అది. నాలుగేళ్లు చూసుకోనక్కర్లేదు" అన్నాడు షాపు కుర్రాడు. మా అక్క అప్పటికే పర్సు తీసింది.

పూర్తి నంబర్లు చూపించమని అడిగాను. సన్నదానిలో ఉన్నది ఐ7-1255యూ. నల్లదానిలో ఐ5-12450హెచ్. రెండూ ఇంటెల్ కంపెనీ 12వ తరం చిప్పులే, అంటే కంప్యూటర్‌కు మెదడు లాంటి ప్రాసెసర్లే. ఐ7లో 10 కోర్లు (చిప్ లోపల ఒకేసారి విడివిడిగా పనిచేసే భాగాలు), గరిష్ఠ వేగం 4.7 గిగాహెర్ట్జ్. ఐ5లో 8 కోర్లు, 4.4 గిగాహెర్ట్జ్. పేరు చూసినా, కోర్లు లెక్కపెట్టినా, గిగాహెర్ట్జ్ చూసినా ఐ7దే పైచేయి. కానీ పెద్ద ప్రోగ్రామ్ కంపైల్ చేయడం (రాసిన కోడ్‌ను కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మార్చడం), వీడియో ఎడిట్ చేయడం లాంటి బరువైన పని ఆపకుండా పెడితే ముందుండేది సాధారణంగా ఆ ఐ5.

ఎందుకంటే ఆ ఐ7లోని 10 కోర్లలో బలమైనవి రెండే. మిగతా 8 చిన్నవి, కరెంటు ఆదా చేయడానికి పెట్టినవి. ఐ5లో బలమైన కోర్లు నాలుగు, చిన్నవి నాలుగు. పైగా ఐ7 చివర ఉన్న "యూ" అక్షరానికి అర్థం అది 15 వాట్ల లెక్కన తయారైన చిప్ అని. "హెచ్" అంటే 45 వాట్లు. కరెంటు ఎంత తీసుకోగలదు, పుట్టిన వేడిని ఎంత బయటికి పంపగలదు అన్నదాన్ని బట్టే చిప్ ఎంతసేపు గట్టిగా పనిచేస్తుందో తేలుతుంది. రోజంతా బ్యాగులో మోసుకుతిరిగే వాళ్లకు, ఛార్జింగ్ ఎక్కువసేపు నిలవాలనుకునే వాళ్లకు ఆ సన్న ఐ7 మంచిదే. తప్పు చిప్‌ది కాదు, ఈ తేడా ఏదీ చెప్పకుండా ఐ7 అన్న రెండు అక్షరాలను నెత్తిన పెట్టిన పద్ధతిది. ఆ కుర్రాడిని కూడా నేను తప్పుపట్టను. అతనికి నేర్పించింది స్టిక్కర్ చదవడమే.

మేం నల్లదే కొన్నాం. ఇంటికొచ్చి ఆన్ చేశాక మేనకోడలు, లోపల ఏం నడుస్తోందో చూపించే టాస్క్ మేనేజర్ తెరిచి కంగారుపడింది. "మామయ్యా, ఇందులో బేస్ స్పీడ్ 2 గిగాహెర్ట్జే అని ఉంది. 4.4 అన్నారు కదా! మోసపోయామా?" పక్కన కూర్చుని ఇద్దరం ఆ అంకె వైపే చూశాం. ఏ పనీ లేనప్పుడు 1 దగ్గర్లో తచ్చాడింది. బ్రౌజర్ తెరవగానే 4 దాటింది. పెద్ద సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టాల్ చేస్తుంటే కాసేపు పైనే ఉండి, ఫ్యాన్ చప్పుడు పెరిగాక మెల్లగా 3 దగ్గరికి దిగింది. పెట్టె మీద ఒకటే అంకె వేస్తారు గానీ, నడిచే చిప్‌కు ఒకటే వేగం ఉండదు. బేస్ అంటే నిర్ణయించిన కరెంటులో నిలకడగా ఇచ్చే వేగం. టర్బో అంటే వేడి హద్దులో ఉన్నంతసేపు, సాధారణంగా ఒకటి రెండు కోర్లు అందుకునే గరిష్ఠం. ప్రకటనల్లో పెద్దక్షరాలతో వేసేది ఈ రెండోదే.

అసలు గిగాహెర్ట్జ్ అంటే ఏమిటి? ప్రాసెసర్ లోపల పాటకు వేసే తాళం లాంటిది ఒకటి నడుస్తుంటుంది. సెకనుకు 100 కోట్ల దెబ్బలు పడితే 1 గిగాహెర్ట్జ్. 3 గిగాహెర్ట్జ్ దగ్గర రెండు దెబ్బల మధ్య వెలుతురు కూడా 10 సెంటీమీటర్లే ప్రయాణించగలదు, మన అరచేతి వెడల్పంత. మనిషి చేసిన వస్తువు అంత వేగంగా తాళం తప్పకుండా నడవడం నాకు ఇప్పటికీ అద్భుతమే. కానీ తాళం ఎంత వేగమో తెలిసినంత మాత్రాన, ఒక్కో దెబ్బకు ఎంత పని జరుగుతోందో తెలియదు. అసలు కథ అక్కడుంది.

ఆ కథ ఇంటెల్ తన అనుభవంతోనే నేర్చుకుంది. 2000 మార్చిలో ఇంటెల్ పోటీ కంపెనీ ఏఎండీ చిప్ అథ్లాన్, రెండు రోజుల తేడాతో ఇంటెల్ పెంటియం 3, 1 గిగాహెర్ట్జ్ అందుకున్నాయి. జనం అంకె చూసి కొంటున్నారు కాబట్టి ఆ అంకెనే పెంచేలా పెంటియం 4ను డిజైన్ చేశారు. ఇల్లు కట్టేచోట ఇటుకలు చేతులు మార్చుకుంటూ పైకి అందించే కూలీల వరుసను గుర్తుచేసుకోండి. మనిషికీ మనిషికీ దూరం తగ్గించి ఎక్కువమందిని నిలబెడితే చేతులు చకచకా ఆడతాయి. పెంటియం 3లో సుమారు 10 దశలుగా ఉన్న ఆ వరుసను పెంటియం 4లో 20 దశలకు, 2004లో వచ్చిన ప్రెస్కాట్ రకంలో 31 దశలకు పెంచారు. చిక్కేమిటంటే, తర్వాత ఏ పని వస్తుందో ప్రాసెసర్ ముందే ఊహించి వరుసలోకి పంపుతుంది. ఊహ తప్పితే వరుసలో ఉన్నదంతా పారేసి మొదటినుంచీ మొదలుపెట్టాలి. వరుస పొడుగయ్యేకొద్దీ పారేసేదీ పెరుగుతుంది. అందుకే 2000 నవంబర్లో 1.4, 1.5 గిగాహెర్ట్జ్‌తో వచ్చిన తొలి పెంటియం 4లు కొన్ని పనుల్లో 1 గిగాహెర్ట్జ్ పెంటియం 3 కంటే వెనకబడ్డాయి. కొత్తది, ఖరీదైనది, పెద్ద అంకె ఉన్నది, అయినా నెమ్మది.

ఇక్కడ ఏఎండీకి ఇబ్బంది వచ్చింది. తన చిప్ తక్కువ తాళంలోనే ఎక్కువ పని చేస్తోంది, కానీ పెట్టె మీద చిన్న అంకె వేస్తే కొనేవాళ్లు లేరు. 2001 అక్టోబర్లో అథ్లాన్ ఎక్స్‌పీకి 1800+ లాంటి పేర్లు పెట్టింది. ఆ చిప్ అసలు వేగం 1.53 గిగాహెర్ట్జ్. ఇది వినేవాళ్లకు 1800 మెగాహెర్ట్జ్, అంటే 1.8 గిగాహెర్ట్జ్ అనిపించాలి. అంతకుముందే సైరిక్స్ అనే కంపెనీ 133 మెగాహెర్ట్జ్ చిప్‌ను 166+ పేరుతో అమ్మింది. ఒకరు పని తగ్గించి అంకె పెంచితే, ఇంకొకరు అంకె లాంటి పేరు పెట్టారు. పేరుకూ వేగానికీ ఉన్న ముడి తెగడం అలా మొదలైంది.

ఆ తర్వాత వేడి అడ్డొచ్చింది. ట్రాన్సిస్టర్లు (చిప్ లోపలి అతి చిన్న స్విచ్‌లు) చిన్నవయ్యేకొద్దీ కరెంటు వాడకం కూడా అదే లెక్కన తగ్గుతూ వచ్చిన రోజులు అప్పటికి అయిపోయాయి. ఇంకా వేగం పెంచాలంటే వోల్టేజ్ పెంచాలి. వోల్టేజ్ రెట్టింపైతే ఖర్చయ్యే కరెంటు నాలుగింతలవుతుంది. 2004 అక్టోబర్లో ఇంటెల్ తన 4 గిగాహెర్ట్జ్ పెంటియం 4ను రద్దు చేసుకుంది. అప్పటి సీఈఓ క్రెయిగ్ బారెట్ ఒక సదస్సు వేదిక మీద మోకాళ్ల మీద కూర్చుని మన్నించమన్నారు. పెంటియం 4 అక్కడితో 3.8 దగ్గరే ఆగిపోయింది. 1993లో 60 మెగాహెర్ట్జ్‌తో వచ్చిన తొలి పెంటియంతో పోలిస్తే 11 ఏళ్లలో 60 రెట్లకు పైగా పెరుగుదల అది. తర్వాత దాదాపు రెండు దశాబ్దాలకు, 2023 జనవరిలో ఇంటెల్ డెస్క్‌టాప్ చిప్ 6 గిగాహెర్ట్జ్ తాకింది. ఈసారి పెరిగింది ఒకటిన్నర రెట్లు చిల్లర. ఈ మధ్యకాలంలో కంప్యూటర్లు బాగా వేగవంతమైన మాట నిజమే. ఆ వేగం ఎక్కువగా కోర్ల సంఖ్య నుంచి, ఒక్కో దెబ్బకు చేసే పని నుంచి వచ్చింది. గిగాహెర్ట్జ్ అంకెలో అది కనిపించదు.

2004లోనే ఇంటెల్ కూడా గిగాహెర్ట్జ్ వదిలి మోడల్ నంబర్లకు మారింది. సూత్రంగా చూస్తే సరైన పనే. కానీ ఆ నంబర్లు కొనేవాడికి అర్థమయ్యేలా ఉండాలి కదా. మన ఆర్టీసీని చూడండి. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, డీలక్స్, సూపర్ లగ్జరీ. చదువు రాని అవ్వ కూడా ఏది ఎన్ని చోట్ల ఆగుతుందో, దేనికి టికెట్ ఎక్కువో చెప్పేస్తుంది. బోర్డు మీద సూపర్ లగ్జరీ అని రాసి పల్లెవెలుగు బస్సు పంపితే డిపో ముందు గొడవవుతుంది. ప్రాసెసర్లలో ఆ పని ఏళ్లుగా జరుగుతున్నా ఎవరూ అడగడం లేదు.

ఏఎండీ రైజెన్ 7000 ల్యాప్‌టాప్ వరుసనే తీసుకుందాం. రైజెన్ 5 7520యూ, రైజెన్ 5 7530యూ. మధ్యలో తేడా ఒక్క అంకె. 7530యూలో 6 కోర్లు, వాటి డిజైన్ జెన్ 3, అంటే 2020 నాటిది. 7520యూలో 4 కోర్లే, డిజైన్ జెన్ 2, అంటే 2019 నాటిది. మొదటి అంకె 7 సంవత్సరానికి గుర్తు, డిజైన్ తరాన్ని చెప్పేది మూడో అంకె అని ఏఎండీ 2022లోనే వివరించింది. ఆ వివరణ ప్రెజెంటేషన్ స్లయిడ్లలో ఉంది, షాపు బల్ల మీద లేదు. ఇంకో విషయం, బేస్ స్పీడ్ చూసుకుని కొనేవాళ్లకు 7520యూనే మేలనిపిస్తుంది. దానిది 2.8, 7530యూది 2.0. 7520యూ చవక ల్యాప్‌టాప్‌లకు పనికొచ్చే చిప్పే. దాన్ని 7000 అనే కొత్త చొక్కా వేసి అమ్మడమే నాకు మింగుడుపడదు.

ఏఎండీ పద్ధతిని ఇంటెల్ 2023 డిసెంబర్లో తన స్లయిడ్లలో గట్టిగా ఎండగట్టింది, తర్వాత ఆ స్లయిడ్లు తీసేసింది. ఇంటెల్ ఇంట్లోనూ ఇదే సరుకు ఉంది మరి. 2022లో ఐ5-1235యూ వచ్చింది: రెండు పెద్ద కోర్లు, 8 చిన్నవి, 4.4 గిగాహెర్ట్జ్. 2023లో ఐ5-1335యూ: అవే రెండు, అవే 8, టర్బో 4.6. 2024లో "ఐ" తీసేసి కోర్ 5 120యూ అన్నారు: మళ్లీ రెండు, 8, టర్బో 5.0. దాదాపు అదే బండికి మూడేళ్లలో మూడు నంబర్ ప్లేట్లు. దానికి కాస్త ముందే వచ్చిన కోర్ అల్ట్రా చిప్పులు వేరే డిజైన్‌వి. "అల్ట్రా" అన్న మాట పేరులో ఉంటే ఒక కుటుంబం, లేకపోతే ఇంకో కుటుంబం. ఇది కొనేవాడికి ఎవరు చెబుతున్నారు? 2017లో అయితే పాత ఐ7-7500యూలో రెండే కోర్లు, కొత్త ఐ5-8250యూలో నాలుగు. ఐ7 అన్న పేరు చూసి పాత స్టాకు కొన్నవాళ్లు ఎంతమందో.

ఫోన్ల గోల మళ్లీ వేరు. ఆక్టాకోర్ అని గర్వంగా రాసిన చవక ఫోన్లలో ఒకప్పుడు ఎనిమిదీ చిన్న కోర్లే ఉండేవి. ఆపిల్ అయితే తన కంప్యూటర్లకు కూడా గిగాహెర్ట్జ్ ప్రకటించడమే మానేసింది. ఎం1, ఎం2, ఎం3, ఎం4 అంటూ చిప్ పేర్ల వరుస బాగానే ఉంటుంది. పక్కన ప్రో, మ్యాక్స్ చేరేసరికి ఎం1 మ్యాక్స్ గొప్పదా, ఎం3 గొప్పదా అన్న ప్రశ్నకు పేరులో జవాబు దొరకదు.

కంపెనీలు చెప్పే మాటలోనూ నిజం ఉంది: ప్రాసెసర్ సామర్థ్యాన్ని ఒక్క అంకెలో చెప్పలేం. ఒప్పుకుంటాను. అలాంటప్పుడు నాలుగు అంకెలు వేయండి. డిజైన్ ఏ సంవత్సరానిది, పెద్ద కోర్లు ఎన్ని, చిన్నవి ఎన్ని, ఈ ల్యాప్‌టాప్‌లో చిప్‌కు నిలకడగా ఎన్ని వాట్లు ఇస్తున్నారు. చివరిది ఎవరూ రాయరు. అదే చిప్ ఒక ల్యాప్‌టాప్‌లో బాగా పరిగెత్తి ఇంకోదానిలో డీలాపడటానికి పెద్ద కారణం మాత్రం అదే.

ఇలా రాయించడం మన దేశానికి కొత్తేమీ కాదు. ఏసీ మీద అంటించే స్టార్ లేబుల్‌లో ఆ రేటింగ్ ఏ కాలానికి చెల్లుతుందో ఉంటుంది. ప్రమాణాలు పెంచినప్పుడల్లా పాత 5 స్టార్ కొత్త లెక్కలో కిందికి దిగుతుంది, అది కొనేవాడికి తెలుస్తుంది. ప్యాకెట్లో అమ్మే వస్తువు మీద తయారైన నెల, సంవత్సరం ఉండాలని తూనికలు కొలతల నిబంధనలు చెబుతాయి. ల్యాప్‌టాప్ పెట్టె మీదా ఆ తేదీ ఉంటుంది, కానీ అది పెట్టె తేదీ. లోపల ఉన్న మెదడు వయసు ఎవరూ రాయడం లేదు. ఇంటెల్, ఏఎండీ, ఫోన్ చిప్పులు చేసే క్వాల్కమ్ మూడింటికీ హైదరాబాద్‌లో ఇంజినీరింగ్ కేంద్రాలున్నాయి. చిప్పుల మీద పనిచేసే పిల్లలు మన ఊళ్లవాళ్లే. అప్పు చేసి ల్యాప్‌టాప్ కొనే తల్లిదండ్రులూ మనవాళ్లే. యాభై, అరవై వేలు పెట్టేవాళ్లకు నాలుగు అంకెలు చెప్పడం కష్టమని నేను నమ్మను.

మా మేనకోడలు ఇప్పుడు కాలేజీలో సీనియర్. ప్రతి ఏడాదీ కౌన్సెలింగ్ అవగానే జూనియర్ల ఇళ్ల నుంచి ఫోన్లు వస్తాయి. మొన్న ఒకాయన షాపులో నుంచే చేశారు. "ఐ7 ఇస్తామంటున్నారమ్మా, ఆఫర్ ఇవాళే ఆఖరట, తీసుకోమంటావా?" ఆయన గొంతులోని టెన్షన్ పక్కన కూర్చున్న నాకూ వినిపిస్తోంది. "అంకుల్, ఐ7 కాదు, దాని పక్కన ఉండే నంబరు కావాలి నాకు. చివరి అక్షరం కూడా కనిపించేలా పెట్టె ఫోటో తీసి పంపించండి. అది చూశాక మాట్లాడదాం" అంది.