సవరణ: హోగార్త్ బొమ్మలో నకిలీ వైద్యులు ఎవరు?

ఇంగ్లిష్ చిత్రకారుడు విలియం హోగార్త్ 1736లో వేసిన వ్యంగ్య చిత్రం 'ది కంపెనీ ఆఫ్ అండర్‌టేకర్స్' (శవాల అంత్యక్రియలు చేసేవాళ్ల కంపెనీ) గురించి మొన్న రాస్తూ, అందులో వెక్కిరించింది పైవరసలోని ముగ్గురు నకిలీ వైద్యుల్నే అన్నాను. మధ్యలో ఎముక పట్టుకున్నది 'ఒక విదూషకుడు' అని కూడా రాసేశాను. రెండూ తప్పే.

ఎముక పట్టుకున్న ఆ గళ్ల చొక్కా మనిషి శారా మ్యాప్, విరిగిన ఎముకలు సరిచేసే ఆవిడ. చేతికర్ర పిడి మీద కన్ను ఉన్నవాడు కంటివైద్యుడు జాన్ టేలర్. (1750లో సంగీతకారుడు బాఖ్ కళ్లకు ఆపరేషన్ చేసింది ఇతనే. కొన్ని నెలలకే బాఖ్ పోయాడు.) సగం ముఖం రంగు మారినవాడు మాత్రలమ్మే జాషువా వార్డ్.

అసలు నేను చూడంది కింద ఉంది. విగ్గులు పెట్టుకుని, కర్రల పిడులు ముక్కుల దగ్గర పెట్టుకున్న పన్నెండు మంది పెద్ద డాక్టర్లు! ఒకాయన మూత్రం సీసాలో వేలు ముంచుతున్నాడు. బొమ్మ కింది రాతలో హోగార్త్ 'క్వాక్' (నకిలీ వైద్యుడు) అన్నది వీళ్లనే. మ్యాప్‌నేమో 'సంపూర్ణ డాక్టర్' అన్నాడు, మిగతా ఇద్దరినీ సగం డాక్టర్లన్నాడు. ఆ రాత చదవకుండానే పోస్టు పెట్టేశాను.