"డ్రైవ్‌లో పెట్టాను కదా" అంటే సరిపోదండీ!

మా చుట్టాల్లో ఎవరింట్లో కాగితం కనపడకపోయినా ఫోన్ నాకే వస్తుంది. "ఒరేయ్, కంప్యూటర్ పని కదా నీది, కాస్త వెతికిపెట్టరా" అంటారు. ఎక్కడ పెట్టారంటే అందరిదీ ఒకటే జవాబు: "డ్రైవ్‌లో పెట్టాను కదా!" అంటే ఫైళ్లు ఆన్‌లైన్‌లో దాచుకునే గూగుల్ డ్రైవ్‌లో. లోపలికెళ్లి చూస్తే స్కాన్ 0043. దాని కిందే ఇంకో స్కాన్ 0043. "న్యూ ఫోల్డర్", అందులో మరో "న్యూ ఫోల్డర్". గూగుల్ డ్రైవ్‌లో ఒకే ఫోల్డర్లో ఒకే పేరుతో ఎన్ని ఫైళ్లయినా ఉండొచ్చు, అది అభ్యంతరం చెప్పదు. దీన్ని దాచుకోవడం అనరు, అటక మీదికి విసిరేయడం అంటారు.

సెర్చ్ ఉందిగా అంటారు కొందరు. ఉంది. పీడీఎఫ్‌లో, ఫొటోలో ఉన్న అచ్చు అక్షరాలను కూడా చాలావరకు పట్టుకుంటుంది. కానీ తాతగారి నాటి చేతిరాత దస్తావేజును చదివి చెబుతుందని ఆశ పెట్టుకోకండి. పేర్ల సంగతి సరేసరి. ఆధార్‌లో లక్ష్మికి కేఎస్‌హెచ్, పాసుపుస్తకంలో ఎక్స్, టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుకు. ఏది కొట్టి వెతుకుతారు?

యూట్యూబ్‌లో చెప్పే ఎడ్యుకేషన్, ఫైనాన్స్, మెడికల్, ప్రాపర్టీ అని ఫోల్డర్లు చేసుకునే పద్ధతి చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. మన ఇళ్లలో అది నడవదని నా అభిప్రాయం. ఎందుకంటే ఇంట్లో ఎవరూ "ఎడ్యుకేషన్ కాగితాలు ఎక్కడ?" అని అడగరు. "చిన్నోడి టీసీ ఎక్కడ?", "అమ్మ షుగర్ రిపోర్ట్ ఏది?" అని అడుగుతారు. అడిగేది మనిషి పేరుతో అయినప్పుడు ఫోల్డర్ కూడా మనిషి పేరుతోనే ఉండాలి. నాన్న, అమ్మ, పెద్దమ్మాయి, చిన్నోడు. అంతే. ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నారు లెండి) కౌన్సెలింగ్ టైమ్‌లో మెమోలు, టీసీ, ఆరో తరగతి నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, కులం, ఆదాయం అన్నీ ఒకే పిల్లాడివి ఒకేసారి అడుగుతారు. ఆదాయం ఒక ఫోల్డర్లో, కులం ఇంకో ఫోల్డర్లో ఉంటే ఆ రోజు ఇల్లంతా టెన్షన్.

భూమి ఒక్కటే మినహాయింపు. దాన్ని సర్వే నంబరు పేరుతో విడిగా పెట్టండి. మనుషుల పేర్లు మారుతూ ఉంటాయి, పంపకాలు జరుగుతాయి. ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన లావాదేవీలు చూపే సర్టిఫికెట్), లింక్ డాక్యుమెంట్లు (పాత దస్తావేజులు), పాసుపుస్తకం మాత్రం ఆ నేలతోనే ఉండాలి.

మరి నాన్న పేరున ఉన్న పొలం కాగితం రెండు చోట్లా కావాలంటే? ఒకప్పుడు డ్రైవ్‌లో ఒకే ఫైలును రెండు ఫోల్డర్లలో ఉంచే వీలుండేది. 2020లో దాన్ని తీసేసి షార్ట్‌కట్ ఇచ్చారు, అంటే నొక్కితే అసలు ఫైలు దగ్గరికి తీసుకెళ్లే గుర్తు. షార్ట్‌కట్ తీసేస్తే అసలు ఫైలుకు ఏమీ కాదు. అసలుదే తీసేస్తే మాత్రం షార్ట్‌కట్ ఎందుకూ పనికిరాదు. బిన్‌లో పడ్డ ఫైలు 30 రోజుల తర్వాత దానంతటదే పోతుంది. ఇది చాలామందికి తెలియదు, చెత్తబుట్టలో ఉందిలే అని నిబ్బరంగా ఉంటారు.

ఫైలు పేరు సంగతి రెండు ముక్కల్లో: ముందు సంవత్సరం, తర్వాత మనిషి, తర్వాత కాగితం. "2024 చిన్నోడు టీసీ". వరుస అదే కుదురుతుంది. "ఫైనల్", "న్యూ ఫైనల్" అని పెట్టేవాళ్లతో నేను వాదించను.

నాకు అసలు ఒళ్లు మండేది వేరే. డ్రైవ్ నిండిపోగానే ఇంకో జీమెయిల్ తెరుస్తారు! అది నిండితే మూడోది. పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు, ఓటీపీ వెళ్లే సిమ్ ఎప్పుడో మార్చేసి ఉంటారు. పైగా రెండేళ్లు ముట్టుకోని వ్యక్తిగత ఖాతాను తొలగించే నిబంధన గూగుల్‌కు ఉంది, 2023 డిసెంబర్ నుంచి అమల్లోకి తెచ్చారు. అసలు నిండింది కాగితాల వల్ల కాదండీ బాబూ. గూగుల్ ఉచితంగా ఇచ్చే ఆ 15 జీబీ జాగా జీమెయిల్‌కీ, డ్రైవ్‌కీ, ఫొటోస్‌కీ కలిపి ఇచ్చింది. 2021 జూన్ 1 నుంచి కొత్తగా ఎక్కే ఫొటోలు దాదాపు అన్నీ లెక్కలోకి వస్తున్నాయి. ఆండ్రాయిడ్ ఫోన్ల వాట్సాప్ బ్యాకప్ కూడా ఇప్పుడు అందులోంచే తింటోంది. గుడ్ మార్నింగ్ వీడియోలు ఉంచుకుని, పాసుపుస్తకం కోసం కొత్త ఖాతా తెరవడం ఏం తెలివి? డ్రైవ్‌లో స్టోరేజ్ అనే చోట నొక్కితే పెద్ద ఫైళ్లు పైన కనిపిస్తాయి. అక్కణ్నుంచి మొదలుపెట్టండి.

ఇంకోటి. షేర్ చేసిన ఫోల్డర్ అందరిదీ అనుకుంటారు. మామూలు ఖాతాల్లో ఎవరు ఎక్కించిన ఫైలుకు వాళ్లే ఓనరు, జాగా కూడా వాళ్ల కోటాలోదే. పిల్లలు కాలేజీ వాళ్లిచ్చిన మెయిల్‌తో ఇంటి కాగితాలు ఎక్కిస్తారు. చదువయ్యాక కాలేజీ ఆ మెయిల్ మూసేస్తే, ఆ ఫైళ్లూ దాంతోపాటే పోవచ్చు. ఇంటి కాగితాలు ఇంటి పెద్దవాళ్లలో ఒకరి సొంత ఖాతాలోనే ఎక్కించండి. ఇంకొకరికి ఎడిటర్ అనుమతి (ఫైళ్లు చేర్చే, మార్చే వీలు) ఇవ్వండి. "లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు" అని పెట్టి ఆధార్ ఫోల్డర్‌ను ఫ్యామిలీ గ్రూపులో పడేసే బాబాయిలూ, దయచేసి ఆపండి. ఆ గ్రూపులో పెళ్లి ఫొటోగ్రాఫర్ ఇంకా ఉన్నాడు.

చివరిగా, "ఇవన్నీ డిజిలాకర్‌లో ఉన్నాయిగా" అనేవాళ్లకు. డిజిలాకర్, అదే సర్టిఫికెట్లు ఆన్‌లైన్‌లో దాచుకునే కేంద్ర ప్రభుత్వ సేవ, మంచిదే, 2015 నుంచి ఉంది. అయితే అందులో రెండు రకాలున్నాయి. ఆయా శాఖలు, బోర్డులు నేరుగా జారీ చేసినవి చట్టప్రకారం అసలు కాగితంతో సమానం. మనం ఫొటో తీసి ఎక్కించిన దానికి ఆ హోదా లేదు. కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకునే ముందు, మీ దగ్గరున్నది ఏ రకమో చూసుకోండి.